రెండుసార్లు సీల్ మార్చినా ఆగని లీకు: వరద నీళ్లలో నిలిచిన ఓ బండి పవర్ స్టీరింగ్ పంపు కేసు

రావులపాలెంలో నాది రెండు బండ్లు పట్టే షెడ్డు. నేనూ, నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడూ, అంతే. స్టీరింగ్, సస్పెన్షన్ పనులు ఎక్కువ చేస్తాం. ఈ కేసు మొదటి నుంచి చివరిదాకా రాయాలనుకున్నది ఎందుకంటే మొదటిసారి ఈ బండి వచ్చినప్పుడు నేను పని తప్పుగా చేశాను, ఆ తప్పు చాలా షాపుల్లో రోజూ జరుగుతోంది. ఆయిల్ కారుతోందంటే సీల్, అంటే తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా పట్టుకునే రబ్బరు వలయం, పోయింది అంటాం, కొత్త సీల్ కొడతాం, డబ్బులు తీసుకుంటాం. సీల్ ఎందుకు పోయిందని మాత్రం అడగం. సీల్ ఖరీదు రెండు మూడు వందలు, దాన్ని తినేస్తున్నదాన్ని లోపలే వదిలేస్తే నెలకో సీల్ మారుస్తూ కూర్చోవాలి.

బండి 2003 మోడల్ డీజిల్, ఎనిమిది మంది కూర్చునేది. కంపెనీ పేరు రాయడం లేదు, లోపం కంపెనీది కాదు, ఇరవై ఏళ్లు దాటి వరద చూసిన ఏ బండికైనా ఇదే జరుగుతుంది. మీటరు మీద 2,14,000 కిలోమీటర్లు. ఓనరు రిటైరైన సైన్సు మాస్టారు, పి.గన్నవరం దగ్గర ఒక లంక ఊరు వాళ్లది. 2024 జనవరిలో, భోగి ఇంక నాలుగు రోజులుందనగా తెచ్చారు. హైదరాబాదు నుంచి పిల్లలు వస్తున్నారు, కనుమ నాడు అందరూ కలిసి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలి, ఈలోపు స్టీరింగ్ ఆయిల్ లీకు ఆగాలి. అంతకు రెండు మూడు నెలల ముందు వేరే చోట ఒకసారి సీల్ మార్పించారట, కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైంది.

లక్షణాలు అందరికీ తెలిసినవే. నాలుగైదు రోజులకోసారి స్టీరింగ్ ఆయిల్ డబ్బా నింపాలి. పొద్దున బండి తీస్తే ఎడం పక్క నేల మీద ఎర్రటి చుక్కలు. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు 'గుయ్‌య్' మని మూలుగు. ఒక్కోసారి తిప్పుతుంటే మధ్యలో బిగుసుకుని, మళ్లీ వదిలినట్టు అనిపించడం. మాస్టారు ఈ చివరిది చెప్పినప్పుడు నాకు భయం వేసింది, ఎందుకంటే వాళ్ల ఊరికి వెళ్లేది గట్టు మీద రోడ్డు, ఒక పక్క కాలువ, ఇంకో పక్క పల్లం. మలుపులో పవర్ పోతే స్టీరింగ్ తిరుగుతుంది గానీ ఒక్కసారిగా బరువెక్కుతుంది, డెబ్బై ఏళ్ల మనిషి చేతులకి ఆ బరువు తట్టేలోపు బండి ఎక్కడుంటుందో చెప్పలేం. కాలువలోకి వెళ్లిన బండ్లని ఈ వైపు మనందరం చూసినవాళ్లమే.

మొదటి రోజు నేను సరిగ్గా చేసింది ఒక్కటే, లీకు ఎక్కడో చూడకుండా చెయ్యి పెట్టలేదు. ఇంజను కింద అంతా ఆయిలూ మట్టీ కలిసి నల్లగా పేరుకుపోయి ఉంటే పై నుంచి కారేది కూడా పంపు నుంచి కారినట్టే కనిపిస్తుంది. అందుకని ఆల్టర్నేటర్‌కి పాలిథిన్ కవర్ చుట్టి, డీజిల్ పోసి బ్రష్‌తో తోమి, సబ్బు నీళ్లతో కడిగి, గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టాం. తర్వాత పంపు మీదా, హోసుల చివర్ల మీదా సుద్ద పొడి చల్లాం. మాస్టారే ఇంటి నుంచి చాక్‌పీసులు తెచ్చి ఇచ్చారు. తడి మొదట ఎక్కడ వస్తుందో తెల్లటి పొడి మీద దాచినా దాగదు. ఇంజను స్టార్ట్ చేసి కుర్రాడితో చక్రం ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పించాను. చివర్లో పట్టుకుని ఉంచొద్దని ముందే చెప్పాను. చివరికి తిప్పి అలాగే బిగపట్టి ఉంచితే పంపు లోపల, ప్రెజరు హద్దు దాటితే వదిలేసే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ అక్కడక్కడే తిరిగి సెగలెక్కిపోతుంది, ఐదు పది సెకన్లకి మించి పట్టకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రెజర్ హోసు మీద లీకు ఉందేమోనని ఇంజను నడుస్తుండగా చేత్తో తడిమి చూసే అలవాటు మన వాళ్లలో ఉంది. టైరులో గాలి 30 పౌండ్లు పెడతాం, చక్రం చివరికి తిప్పినప్పుడు ఈ హోసులో ప్రెజరు వెయ్యి పౌండ్లు దాటుతుంది. సన్నటి చీలిక నుంచి వచ్చే ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి, చెయ్యి వద్దు.

రెండు చోట్ల పొడి ఎర్రబడింది. ఆయిల్ డబ్బాకి తిరిగొచ్చే రిటర్న్ హోసు క్లిప్పు దగ్గర కొద్దిగా. పుల్లీ వెనక, షాఫ్ట్ చుట్టూ ఎక్కువగా. క్లిప్పు మార్చేశాను. పంపు దింపి, సీల్ కిట్ తెప్పించి, షాఫ్ట్ సీలూ, 'ఓ' ఆకారపు రబ్బరు రింగులూ మార్చాను. పాత సీల్ పెదవి కూర్చున్న చోట షాఫ్ట్ మీద ఒక గీత కనిపించింది. ఎమరీ పేపరు తీసుకుని షాఫ్ట్ తిప్పుతూ రుద్దాను, మెరిసింది, బాగుందనుకున్నాను. బిగించి, కొత్త ఆయిల్ పోసి, రెండు గంటలు నడిపి చూస్తే చుక్క లేదు. మాస్టారు రావులపాలెం సెంటర్ దాకా ఒక చుట్టు తిప్పి తెచ్చి "ఆయ్, బాగుంది బాబూ" అన్నారు. పండగ బాగా జరిగింది.

19 రోజులకి మళ్లీ వచ్చారు. అదే ఎర్ర చుక్క, అదే మూలుగు.

కోప్పడితే ఏదో సర్దిచెప్పేవాణ్ణి. ఆయన కోప్పడలేదు. బండి తాళాలు బల్ల మీద పెట్టి, "డబ్బులు మళ్లీ ఇస్తాను, దానికేం లేదు. ఎందుకు పోయిందో చెప్పి బాగుచెయ్యి" అన్నారు. అని సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీశారు. పోయిన సంవత్సరం నుంచి ఆయిల్ పోసిన ప్రతిసారీ తారీఖు, మీటరు రీడింగు, ఎన్ని మిల్లీలీటర్లు పోశారో రాసుకున్నారు. పాత మందు సీసా మీద గీతలు గీసి దాంతో కొలిచేవారట. ఈ పుస్తకం జనవరిలోనే ఆయన దగ్గర ఉంది, నేను అడగలేదు, ఆయన చెప్పబోతే పండగ హడావిడిలో వినలేదు.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఆ పేజీలు చూశాను. డిసెంబరులో ఆయన తొమ్మిది రోజులు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉన్నారు, బండి షెడ్డులో కదలకుండా ఉంది. తిరిగొచ్చి పోసింది 240 మిల్లీలీటర్లు. ఆ వరస పక్కన ఆయన పెద్ద ప్రశ్న గుర్తు పెట్టుకున్నారు. అదే రోజూ తిరిగిన తొమ్మిది రోజుల్లో పోసింది 150. నడవని బండి నడిచిన బండి కంటే ఎక్కువ ఎలా తాగుతుంది? ఆయన ప్రశ్నకి జవాబు పంపు లోపలి అమరికలోనే ఉంది, నాకు ముందే తట్టాల్సింది.

షాఫ్ట్ సీల్ ఉండేది పంపు ప్రెజర్ పక్క కాదు. ఆయిల్‌ని డబ్బా నుంచి లోపలికి పీల్చుకునే పక్క. ఇంజను ఆగి ఉన్నప్పుడు పైనున్న డబ్బాలో ఆయిల్ బరువు సీల్ మీద పడుతుంది, సీల్ పెదవి షాఫ్ట్‌ని సరిగ్గా పట్టుకోకపోతే చుక్క చుక్కగా దిగుతూనే ఉంటుంది, తొమ్మిది రోజులు దిగితే 240 వింతేం కాదు. ఇంజను నడుస్తుంటే అదే చోట పీల్పు ఉంటుంది, కాబట్టి ఆయిల్ బయటికి రావడం తగ్గి, బయటి గాలి లోపలికి వెళ్తుంది. గాలి వెళ్తే ఆయిల్ నురగ కడుతుంది, నురగని పంపు నెట్టలేదు, అదే ఆ మూలుగు, అదే మధ్యలో స్టీరింగ్ బిగుసుకోవడం. రెండు లక్షణాలూ ఒక్క చోట నుంచే వస్తున్నాయి. ఇంజను నడుస్తుండగా డబ్బా మూత తీసి చూస్తే, ఆయిల్ మీద స్ట్రాబెర్రీ పాల మీద ఉన్నట్టు గులాబీ రంగు నురగ. జనవరిలో మూత తీసి ఒక్క నిమిషం చూసి ఉంటే తెలిసేది.

మర్నాడు మాస్టారు కూడా వచ్చి స్టూలు వేసుకుని కూర్చున్నారు. పంపు దింపడం మొదలుపెట్టాం. బెల్టు వదులు చెయ్యకముందే పుల్లీ నట్టు వదులు చెయ్యాలి, బెల్టుని చేత్తో గట్టిగా నొక్కి పడితే పుల్లీ తిరగదు, నట్టు వచ్చేస్తుంది. బెల్టు తీసేశాక అయితే పుల్లీని పట్టుకోవడానికి ఏ స్క్రూడ్రైవరో దూర్చి అంచు విరగ్గొడతాం. అలా విరిగిన పుల్లీలు నా దగ్గరే రెండున్నాయి. పుల్లీ లాగి తీసి టార్చి వేసి చూశాను.

పుల్లీ వెనక, పంపు ముందు మూతికీ బ్రాకెట్‌కీ మధ్య ఉన్న సందులో బూడిద రంగు ముద్ద వలయంలా పేరుకుని ఉంది. మూడు వారాల కిందట కడిగాను కదా, ఇంత త్వరగా ఎక్కడిది అని స్క్రూడ్రైవరుతో బ్రాకెట్ లోపలి గుంట గీకితే అక్కడ ఇటుకలా గట్టిపడి ఉంది, కడిగినప్పుడు పై పొర మాత్రమే పోయింది. ఒక పెళ్ల ఊడి చేతిలో పడింది. వేళ్ల మధ్య నలిపితే మొదట మెత్తగా, పౌడరులా ఉంది, ఇంకాస్త నలిపితే లోపల గరగరమని సన్నటి ఇసుక. మాస్టారు చెయ్యి చాపి కొంచెం తీసుకుని నలిపి, వాసన చూసి, "ఒండ్రు" అన్నారు. "మా లంక ఒండ్రే ఇది."

2022 జూలైలో గోదావరి వరద వచ్చింది అందరికీ గుర్తుండే ఉంటుంది, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మాస్టారి ఇంటి షెడ్డులో బండి బంపరు దాకా నీళ్లలో రెండు రోజులు నిలిచింది. నీళ్లు తీశాక ఎవరో మంచి మెకానిక్కే పని చేశాడు, ఇంజనాయిలు, గేరాయిలు, వెనక హౌసింగ్ ఆయిలు అన్నీ మార్చాడు, చక్రాల బేరింగులు కడిగి గ్రీజు పెట్టాడు. పవర్ స్టీరింగ్ పంపు పుల్లీ వెనక చూడాలని మాత్రం ఎవరికి తడుతుంది? ఆ తర్వాత ఇల్లు బాగుచేయించుకునే గొడవలో ఆరు నెలలు బండి తియ్యలేదు. ఆ ఆరు నెలలూ తడి ఒండ్రు షాఫ్ట్ చుట్టూ కట్టు కట్టినట్టు ఉండిపోయింది. సీల్ పెదవి కింద షాఫ్ట్ తుప్పు పట్టింది. బండి మళ్లీ నడవడం మొదలయ్యాక తుప్పు గుంటలు రబ్బరుని కోశాయి, కారిన ఆయిల్‌తో ఒండ్రు కలిసి వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టులాంటిది తయారైంది. నదీ ఒండ్రు పొలానికి బంగారం, తిరిగే షాఫ్ట్‌కి ఆకురాయి.

పంపు బల్ల మీద విప్పి పరిచాం. మాస్టారు చూడాలన్నారు కాబట్టి ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పాను. మధ్యలో షాఫ్ట్, దాని చివర రోటరు, రోటరు గాట్లలో జారే 10 చిన్న రేకులు, చుట్టూ కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఉన్న రింగు. తిరిగేటప్పుడు రేకులు బయటికి విసిరినట్టు వచ్చి రింగు గోడని రాసుకుంటూ ఆయిల్‌ని ఒక పక్క పీల్చి ఇంకో పక్క నెడతాయి. కార్లలో పవర్ స్టీరింగ్ మొదట అమ్మకానికి వచ్చింది 1951లో, క్రిస్లర్ ఇంపీరియల్‌లో. అప్పటికీ ఇప్పటికీ ఇంజను బెల్టుతో తిరిగే పంపు, ఆయిల్ ప్రెజరుతో సాయం అన్న సూత్రం మారలేదు, కొత్త బండ్లలో కరెంటు మోటారు స్టీరింగ్ వచ్చాకే ఈ పంపులు తగ్గుతున్నాయి.

మాస్టారికి సీల్ సంగతి అర్థం కావడానికి నేనేం కష్టపడలేదు, ఆయనే అన్నారు, "మా మోటారు పంపు గ్లాండు లాంటిదన్నమాట." అచ్చం అదే. చేలో ఇంజను పంపు ఉన్నవాళ్లకి తెలుసు, గ్లాండు దగ్గర నీళ్లు కారుతుంటే కొత్త తాడు చుట్టి నట్టు బిగిస్తాం, షాఫ్ట్ అరిగిపోయి ఉంటే ఎంత కొత్త తాడైనా వారంలో కాలిపోయి మళ్లీ కారుతుంది. అప్పుడు చూడాల్సింది తాడుని కాదు. మూడు తరాలుగా రైతులకి తెలిసిన ఈ సంగతి కార్ షాపులో ఎందుకు మర్చిపోతామో నాకు తెలీదు.

షాఫ్ట్‌ని వెలుతురులో పెట్టి తిప్పి చూశాం. సీల్ కూర్చునే చోట వేలి గోరు అడ్డంగా లాగితే గోరు ఆగుతోంది. గోరు ఆగిందంటే ఆ షాఫ్ట్ మీద సీల్ నిలవదు, దానికి కొలత కూడా అక్కర్లేదు. గీత పక్కన సన్నటి నల్ల గుంటలు, తుప్పు తిన్నవి. ఇంకొకటి కూడా కనిపించింది, అది నా పని. ఎమరీతో రుద్దిన గీతలు షాఫ్ట్ చుట్టూ ఏటవాలుగా పడ్డాయి, మర చుట్టుల్లా. షాఫ్ట్ తిరిగేటప్పుడు అలాంటి గీతలు ఆయిల్‌ని ఒక పక్కకి నడిపిస్తాయి, బయటి వైపుకి నడిపించేలా పడితే కొత్త సీల్ కింద నుంచి కూడా ఆయిల్ బయటికి వచ్చేస్తుంది. షాపులో షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని ఎమరీతో రుద్దొద్దు అని నేను గట్టిగా చెప్పేది అందుకే. మెరుపు వస్తుంది, మేలు జరగదు.

అసలు విషయం ఇంకా ఉంది. షాఫ్ట్‌ని మళ్లీ హౌసింగ్‌లో, అంటే పంపు బయటి డొల్లలో పెట్టి, పుల్లీ చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపితే 'టక్ టక్' మంది. చాలా చిన్న శబ్దం, చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప తెలీదు. మిల్లీమీటరులో వందో వంతు కదలిక కూడా చూపే డయల్ గేజ్ పెట్టి చూశాను. ఈ తరహా పంపులకి మాన్యువల్‌లో షాఫ్ట్‌కీ, అది తిరిగే లోహపు గొట్టం లాంటి బుష్‌కీ మధ్య సందు 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్లు ఇస్తారు, 0.07 దాటితే హౌసింగ్ మార్చమంటారు. ఇక్కడ 0.12 ఉంది. అంటే తిరిగే షాఫ్ట్ నడిమి మీద నిలవకుండా బెల్టు లాగే పక్కకి ఒరిగిపోతోంది, సీల్ పెదవి ఒక పక్క నలుగుతోంది, రెండో పక్క వదులుగా ఉంది. కొత్త సీల్ రబ్బరు మెత్తగా ఉన్నన్నాళ్లు ఆ తేడాని సర్దుకుంది. 19 రోజులు సర్దుకుంది.

బుష్ ఎందుకంత అరిగింది అని మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. మాస్టారి నోట్‌బుక్‌లో 2023 ఆగస్టులో "బెల్టు కీచుమంటోంది, బిగించారు" అని ఉంది, అక్టోబరులో మళ్లీ "బెల్టు బిగింపు". అప్పటికే సీల్ కారుతోంది, ఆయిల్ బెల్టు మీద పడి బెల్టు జారి కీచుమంటోంది. కీచుమన్న ప్రతిసారీ ఎవరో బిగించారు. బిగించేకొద్దీ బెల్టు షాఫ్ట్‌ని పక్కకి లాగింది, బుష్ అరిగింది, సీల్ ఇంకా కారింది, బెల్టు ఇంకా తడిసింది. జనవరిలో నేను పంపు ఎక్కించాక బెల్టుని ఎంత బిగించానో గుర్తు తెచ్చుకుంటే, ముందు ఎంత ఉందో అంతే పెట్టాను. ముందున్నదే తప్పని అనుకోలేదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి. దారులు నాలుగున్నాయి. కంపెనీ కొత్త పంపు, ఈ మోడలుకి దొరకడం కష్టం, దొరికినా బండి విలువకి తగ్గ ఖర్చు కాదు. పేరూ ఊరూ లేని చవక పంపు, అవి నేను ఇంతకుముందు వేసి చూశాను, కొన్ని బాగానే నడిచాయి, కొన్ని నాలుగైదు నెలలకే మూలగడం మొదలుపెట్టాయి, ఏది ఎలాంటిదో డబ్బా చూసి చెప్పలేం. మూడోది షాఫ్ట్ మీద సన్నటి స్టీల్ తొడుగు వెయ్యడం, మందం పావు మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది, సీల్ దాని మీద నడుస్తుంది. గీత మాత్రమే ఉండి బుష్ బాగుంటే నేను అదే చేసేవాణ్ణి. నాలుగోది పాత పంపు.

షాఫ్ట్‌కి హార్డ్ క్రోమ్ ఎక్కించి గ్రైండ్ చేసి, బుష్ కొత్తది లేత్ మీద తయారుచేసి వేద్దామా అని రాజమండ్రిలో నాకు తెలిసిన లేత్ మేస్త్రి గారి దగ్గరికి రెండూ పట్టుకెళ్లాను. ఆయన షాఫ్ట్‌ని అటూ ఇటూ తిప్పి, బుష్‌లో వేలు పెట్టి చూసి, "చేస్తానండి, చెయ్యలేక కాదు. కానీ బుష్ నేను చేస్తే రోటరు నడిమికీ ఇది నడిమికీ రెండు వందలు తేడా వచ్చినా మీ రేకులు ఒక పక్కే అరుగుతాయి. దీని జోడీ హౌసింగ్ ఎక్కడన్నా మంచిది దొరుకుతుందేమో చూడండి ముందు" అన్నారు. రెండు వందలంటే మిల్లీమీటరులో వందో వంతులు రెండు. పని పోతుందని తెలిసీ నిజం చెప్పారు, ఆయన మీద గౌరవం పెరిగింది.

విజయవాడ ఆటోనగర్‌లో తెలిసినవాళ్లకి పంపు హౌసింగ్ మీద పోత నంబరు ఫోటో తీసి పంపితే రెండో రోజు బస్సు పార్సిల్‌లో ఒక పాత పంపు వచ్చింది. విప్పి చూస్తే అది ఆయిల్ లేకుండా నడిచిన పంపు, రింగు లోపల గీతలు, రేకుల అంచులు నీలం తిరిగాయి. కుర్రాడు నిరాశపడ్డాడు. నేను పడలేదు, ఎందుకంటే షాఫ్ట్ సీల్ కూర్చునే చోట గాజులా ఉంది, బుష్ సందు 0.04 వచ్చింది. మన పంపులో చెడిపోయినవి షాఫ్టూ హౌసింగూ, రింగూ రోటరూ రేకులూ బాగున్నాయి. వచ్చిన పంపులో సరిగ్గా దీనికి తిరగబడి. రెండు పంపులు కలిపి ఒకటి చేశాం.

ఇలా కలిపేటప్పుడు ఒక నియమం ఉంది, రింగు, రోటరు, రేకులు ఈ మూడూ ఒకే సెట్టుగా ఉంచాలి. చాలా పంపుల్లో రోటరు మీదా రింగు మీదా ఒకే అంకె గుర్తు ఉంటుంది, ఆ కొలతకి తగ్గ రేకులే వేస్తారు. ఒక రేకు ఇందులోది, ఒక రేకు అందులోది అని కలిపితే ప్రెజరు రాదు. మా కుర్రాడు రేకుల్ని తీసినప్పుడే న్యూస్‌పేపరు మీద వరసగా పరిచి పక్కన నంబర్లు రాశాడు, నేను చెప్పకుండానే. రేకుకి ఒక అంచు గుండ్రంగా ఉంటుంది, అది బయటికి, రింగు గోడ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే రింగుని గీసేస్తుంది.

సీల్‌ని సరిపడే సాకెట్ పెట్టి నిటారుగా, చిన్న దెబ్బలతో దింపాం. షాఫ్ట్ చివర కీ గాడి అంచు కత్తిలా ఉంటుంది, షాఫ్ట్ దూర్చేటప్పుడు కొత్త సీల్ పెదవి అక్కడే తెగుతుంది, తెగినట్టు కంటికి కనిపించదు. అందుకని గాడి మీద సన్నటి టేపు చుట్టి, సీల్ పెదవికి గ్రీజు రాసి దూర్చి, తర్వాత టేపు లాగేశాం. స్టీరింగ్‌కి వెళ్లే ఆయిల్‌ని అదుపు చేసే ఫ్లో కంట్రోల్ వాల్వుకి ఆయిల్ రాసి రంధ్రంలో పెట్టి వదిలితే తన బరువుకి తనే జారి దిగాలి. దిగింది. ప్రెజర్ హోసు బోల్టుకి రాగి వాషర్లు రెండూ కొత్తవి. ఆయిల్ డబ్బా అడుగున ఉన్న జాలీ సగం నల్లటి జిగురుతో మూసుకుపోయి ఉంది, పాత రిటర్న్ హోసు లోపలి రబ్బరు పొరలు ఊడి వచ్చినవి. డబ్బా కడిగి ఆరబెట్టి, హోసు కొత్తది వేశాం, ఆయిల్‌కి తట్టుకునే రకం. నీళ్ల పైపు ముక్క కోసి వేసిన బండ్లు నా దగ్గరికి వస్తాయి, ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

బ్రాకెట్ విప్పి గుంటలో ఉన్న ఒండ్రు మొత్తం గీకి, కడిగి, ఆరబెట్టి, రెడాక్సైడ్ కొట్టాం. ఈ పనికే ఒక పూట పట్టింది. బిల్లులో రాయడానికి ఏమీ ఉండదు గానీ ఈ కేసులో నా లెక్క ప్రకారం అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే.

ఆయిల్ డెక్స్రాన్ 3 ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్ రకం), ఈ బండికి అదే. ఏ బండికి ఏది పొయ్యాలో డబ్బా మూత మీద గానీ పుస్తకంలో గానీ ఉంటుంది, అది చూడండి. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎప్పుడూ పొయ్యొద్దు, సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. లీకు ఆపుతుందని అమ్మే మందు కూడా నేను పొయ్యను, అది రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్లు ఆపుతుంది, ఈ బండిలో అయితే అసలు కారణాన్ని ఇంకో రెండు నెలలు దాచిపెట్టేది.

గాలి తియ్యడం తొందరపడకూడని పని. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండా, డబ్బా నింపుతూ స్టీరింగ్ చివర నుంచి చివరకి మెల్లగా ఇరవై సార్లు తిప్పాం. బుడగలు తగ్గాక ఇంజను ఐడిల్‌లో పెట్టి మళ్లీ తిప్పాం. చివరగా ఒక పరీక్ష, ఇంజను నడుస్తుండగా ఆయిల్ మట్టం గుర్తు పెట్టుకుని, ఆపేసి మళ్లీ చూడాలి. ఆపగానే మట్టం 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పైకి లేచిందంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టు. మొదటిసారి ఒక వేలు మందం లేచింది. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ తిప్పితే దాదాపు కదల్లేదు, నురగ లేదు, ఆయిల్ ఎర్రగా, తేటగా ఉంది. మాస్టారు స్వయంగా వంగి, కళ్లజోడు సరిచేసుకుని చూశారు.

బెల్టు కొత్తది వేసి, బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 మిల్లీమీటర్లు దిగేలా పెట్టాను, అంతకంటే బిగించలేదు. పాత ఆయిల్ డబ్బాలోకి పట్టి పక్కన పెట్టాం. షెడ్డు వెనకే కాలువ, అందులో పారబోస్తే ఎవరూ అడగరు, కానీ ఆ కాలువ నీళ్లే కింద ఊళ్ల చెరువుల్లోకి వెళ్తాయి, అవే జనం తాగుతారు.

ఖర్చు: పాత పంపు 2,800, సీల్ కిట్ 350, రిటర్న్ హోసు, క్లిప్పులు, వాషర్లు కలిపి 420, బెల్టు 480, రెండు లీటర్ల ఆయిల్ 900, పార్సిల్ 120. మొత్తం 5,070. కూలి తీసుకోలేదు, జనవరిలో తీసుకున్నదే ఈ పని కోసం తీసుకున్నట్టు. మాస్టారు ఒప్పుకోలేదు, మా కుర్రాడి చేతిలో 500 పెట్టి వెళ్లారు.

తర్వాత సంగతులు కూడా రాయాలి, రాయకపోతే కేసు పూర్తి కాదు. మార్చిలో ఫోన్ చేశాను, "పోసింది సున్నా" అన్నారు. మే నెలలో, కాలువలు కట్టేసిన రోజుల్లో, బండి తెచ్చి చూపించారు, సుద్ద పొడి చల్లి ఒక రాత్రి ఉంచాం, పొద్దునకి తెల్లగానే ఉంది. వానలయ్యాక అక్టోబరులో చిన్న అద్దం, టార్చి పెట్టి పుల్లీ వెనక చూశాను. కొంచెం దుమ్ము, రెడాక్సైడ్ రంగు కనిపిస్తోంది, తడి లేదు. నోట్‌బుక్‌లో ఫిబ్రవరి తర్వాత స్టీరింగ్ ఆయిల్ వరస ఒక్కటీ లేదు, ఆ పేజీలో ఆయన టైర్ల గాలి లెక్కలు రాసుకోవడం మొదలుపెట్టారు.

ఆ వరదలో నిలిచిన బండ్లు ఈ చుట్టుపక్కల ఇంకా చాలా తిరుగుతున్నాయి. పోయిన వారం పక్క లంక నుంచి ఒక అరటికాయల వ్యాపారి తన బండి తెచ్చి, స్టీరింగ్ ఆయిల్ కారుతోంది, సీల్ మార్చండి, మధ్యాహ్నం మార్కెట్‌కి వెళ్లాలి అన్నాడు. పుల్లీ వెనక టార్చి వేసి చూస్తే అదే బూడిద రంగు వలయం. కుర్రాడు నా మొహం కూడా చూడకుండా లోపలికి వెళ్లి డయల్ గేజ్ పెట్టె తెచ్చాడు.